దానం అంటే జకాతా, సదఖానా?
ఇంట్లోనే కంప్యూటర్ పదకోశం తయారు చేసుకునే విధానం



నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల్లో మన కుటుంబాలు అనేకం ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. నూర్‌బాషా, దూదేకుల సోదరుల ఇళ్ళలోనైతే తరతరాలుగా అదే మాతృభాష. పిల్లలు మక్తబ్‌లో అరబీ, ఉర్దూ పదాలు వింటారు, ఇంటికొచ్చి తెలుగు పుస్తకంలో అర్థం వెతుకుతారు. చిక్కు అక్కడే వస్తోంది. కొన్ని పుస్తకాల్లో జకాత్‌కూ 'దానం' అనే ఉంటుంది, సదఖాకూ 'దానం' అనే ఉంటుంది. జకాత్ ఫర్జ్. నిసాబ్ కలిగినవారు ఏడాది నిలిచిన సొమ్ములో నూటికి రెండున్నర వంతు లెక్కగట్టి ఇచ్చి తీరాలి. మామూలు సదఖా మన ఇష్టం మీద ఇచ్చేది. 'దానం' అని చదివిన ఒక గృహిణి, గుమ్మంలోకి వచ్చిన ఫకీరుకు వంద రూపాయలిచ్చి తన బాధ్యత తీరిందనుకుంటే తప్పు ఆమెదా, మాటదా? సలాత్‌నూ దుఆనూ 'ప్రార్థన' అనే ఒక్క మాటలో కట్టిపడేస్తే వచ్చే నష్టమూ ఇలాంటిదే.

పోనీ, జకాత్ వేరు, సదఖా వేరు అని గీత గీస్తే సరిపోతుందా? సరిపోదు. జకాత్ పొందవలసిన ఎనిమిది వర్గాలను తెలిపే తౌబా సూరా 60వ ఆయత్‌లో వచ్చిన మాట 'సదఖాత్'. ఆ చోట దాని భావం విధిగా ఇవ్వవలసిన జకాతేనని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే ఒక మాటకు ఒక అర్థం రాసి ఊరుకుంటే చాలదు, ఏ చోట ఏ అర్థమో కూడా రాయాలి. ఇమామ్ రాగిబ్ ఇస్ఫహానీ (రహ్మ) తమ 'ముఫ్రదాత్'లో ఖుర్ఆన్ పదాలను ధాతువుల వారీగా తీసుకుని చేసిన పని ఇదే. తెలుగుకూ ఈ పని కొత్తేమీ కాదు. జవాబు, వకీలు, రైతు వంటి మాటలు మనవైపోయాయి కదా! తెలుగులో చేరిన ఇలాంటి అన్యభాషా పదాల కోసం సి.పి. బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే ప్రచురించాడు.

నేడు ఈ పనికి అచ్చుయంత్రం అక్కర్లేదు. కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ తెరవండి. ఒక్కో వరుసలో ముందు మాట, తర్వాత ఒక్కసారి ట్యాబ్ మీట, ఆ తర్వాత వివరణ. వివరణ ఎంత పొడవైనా మధ్యలో ఎంటర్ నొక్కకూడదు. ఫైలును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి. పైగ్లాసరీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ ఫైలును స్టార్‌డిక్ట్ నిఘంటువుగా మారుస్తుంది. దాన్ని ఒక ఫోల్డర్‌లో ఉంచి, గోల్డెన్‌డిక్ట్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే, మాట టైపు చేయగానే అర్థం కనిపిస్తుంది. ఇంటర్నెట్ కూడా అవసరం లేదు. కొత్త మాటలు చేర్చాలంటే మొదటి ఫైలులోనే చేర్చి మళ్ళీ మార్చుకోవాలి, కనుక ఆ ఫైలును పోగొట్టుకోవద్దు.

పాత డీటీపీ ఫైళ్ళ నుండి మాటలు ఎత్తుకుందామనుకునేవారు జాగ్రత్త! అను ఫాంట్లలో టైపు చేసినది యూనికోడ్ కాదు. నేరుగా అతికిస్తే పిచ్చిగీతలే వస్తాయి.

అసలు శ్రమ అక్షరాల దగ్గర ఉంది. ఖాఫ్‌కూ ఖేకూ మనం 'ఖ' అనే రాస్తాం. జే, జాల్, జ్వాద్, జోయ్ నాలుగూ 'జ'లోనే కలిసిపోతాయి. మొక్కుబడి అనే అర్థంలోని నజర్‌కు జాల్, దిష్టి అనే అర్థంలోని నజర్‌కు జోయ్. తెలుగులో రెండూ ఒక్కటే! అందుకే ప్రతి వివరణలో మొదట ఆ మాటను అరబీ లిపిలో రాయించండి, మీకు రాకపోతే మక్తబ్ ఉస్తాద్‌గారి చేత. ఖుర్ఆన్, ఖురాన్, కొరాను వంటి వేర్వేరు రాతలుంటే ప్రతిదానికీ ఒక వరుస ఇవ్వండి. లేకపోతే వెతికే పిల్లవాడికి దొరకదు.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి, పదకోశం ఫత్వా కాదు. 'ఉష్ర్' అనే మాటే తీసుకోండి. వర్షంతో పండిన పంటలో పదో వంతు, శ్రమపడి నీరు తోడి పండించిన దానిలో ఇరవయ్యో వంతు అని హదీసుల ఆధారంగా రాసుకోవచ్చు. అయితే నాగార్జునసాగర్ కుడి కాలువ కింద పండిన వరికి ఏది వర్తిస్తుంది? మిర్చికీ పత్తికీ ఉష్ర్ ఉందా? మన దేశపు భూముల సంగతేమిటి? వీటిపై ధర్మవేత్తల మధ్య చర్చ ఉంది. కాబట్టి ఆ వరుస చివర 'ముఫ్తీ సాహెబ్‌ను అడగవలెను' అని రాసి వదిలేయడమే సరైన అర్థం.

ముందుగా నమాజ్, జకాత్, రోజాలకు సంబంధించిన ముప్పై నలభై మాటలతో మొదలుపెట్టండి. రమజాన్‌కు ముందే అయితే మరీ మంచిది, జకాత్ లెక్కలు చూసుకునేది చాలా ఇళ్ళలో ఆ నెలలోనే కదా.