ఇల్లు, ఆపద, మరణభయము
(రెండు నవలల పరిశీలన – కుటుంబ కూటములకు పాఠము)

చదువవలసిన భాగములు: 23వ కీర్తన, 1 సమూయేలు 17:34–37, హెబ్రీ 2:14, 15.



నవలలు చదువుట వట్టి కాలక్షేపమని కొందరు పెద్దలు అందురు. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే మనుష్యుడు నోట చెప్పుకొనలేని భయమును ఒక్కొక్కప్పుడు కథ బయటపెట్టును. అట్టి రెండు నవలలను ఈ నెల పరిశీలింతము. ఒకటి అమెరికా దేశపుది. రెండవది మన సీమది.

1. నిండిన యింటిలో భయము

డాన్ డెలిల్లో వ్రాసిన "వైట్ నాయిస్" 1985లో వెలువడి, ఆ దేశపు జాతీయ గ్రంథ పురస్కారము పొందినది. ఎడతెగని రొద అని ఆ పేరునకు భావము. జాక్ గ్లాడ్నీ కళాశాల ఆచార్యుడు. భార్య బబెట్, పిల్లలు కలరు. ఆ యింట తిండికి, బట్టకు, టెలివిజన్ మోతకు కొదువ లేదు. ఒకనాడు రైలు ట్యాంకు పగిలి, విషపు నల్లమేఘము ఊరిమీదికి వచ్చును. అందరును కారులో పారిపోవుదురు. పెట్రోలు పట్టుటకు దిగిన కొద్ది నిమిషములలోనే జాక్‌కు ఆ గాలి సోకును. అతనిలో మరణము చేరినదని కంప్యూటరు లెక్క తేల్చును గాని, ఎప్పుడో చెప్పదు.

ఇది వట్టి కల్పన అని తోసివేయరాదు. ఈ పుస్తకము అచ్చై వచ్చుటకు కొద్ది వారముల ముందే, 1984 డిసెంబరు 2వ తేది రాత్రి, మన భోపాలులో విషవాయువు వెలువడి వేలమందిని చంపినది.

జాక్ తన భయమును భార్యకు చెప్పడు. భార్యయు అదే భయముతో, మరణభయమును పోగొట్టునను ఒక మాత్రను రహస్యముగా మ్రింగుచుండును. దానికొరకు తన పాతివ్రత్యమునే వెలగా ఇచ్చినది. ఆ మాత్ర పని చేయలేదు. ఒకే కప్పు క్రింద ఇద్దరు, ఇద్దరిదీ ఒకే భయము, ఇద్దరును దాచిరి.

కథ చివర, గాయపడిన జాక్ సన్యాసినులు నడుపు ఆసుపత్రికి పోవును. పరలోకమును గూర్చి అడుగగా, తాము వాటిని నమ్ముట లేదనియు, లోకము కొరకు నమ్మినట్లు నటించుచున్నామనియు ఒక సన్యాసిని చెప్పును. ఈ మాట చదివి కోపపడుట సులభము. అయితే ఊరివారు మన విశ్వాసము చూచి ధైర్యము తెచ్చుకొనుచుండగా, మన లోపల ఏమున్నది? ఈ ప్రశ్నకు ఎవరికి వారే జవాబు చెప్పుకొనవలెను.

2. ఎండిన పల్లెలో భయము

కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి వ్రాసిన "కొండపొలం" 2019లో తానా నవలా పురస్కారము పొందినది. 2021లో చలనచిత్రముగా కూడ వచ్చినది. కరువు వచ్చి పల్లెలో మేత, నీరు లేనప్పుడు గొఱ్ఱెల కాపరులు మందలను నల్లమల అడవికి తోలుకొనిపోవుటయే కొండపొలము. ఇంజనీరింగు చదివి, ఉద్యోగము దొరకక ఇంటికి వచ్చిన పిరికి యువకుడు తండ్రితో కూడ ఆ మంద వెంట పోవును. అడవిలో పెద్దపులి కలదు. దాని భయమే అతనికి గురువై, అతనిని ధైర్యవంతునిగా చేయును.

3. రెండింటిని కలిపి చూచినయెడల

మరణభయము లేమివలన వచ్చినది కాదు, కలిమివలన పోవునదియు కాదు. జాక్ తన ప్రాణమునే తలపోయుచుండెను గనుక భయము పెరిగినది. కాపరికి కావవలసిన మూగజీవములు ఎదుట నున్నవి. ప్రక్కన తోటి కాపరులున్నారు. దావీదు సింహమును ఎలుగుబంటిని ఎదిరించినదియు గొఱ్ఱెపిల్ల కొరకే గదా!

23వ కీర్తనలో ఒక సంగతి గమనించుడి. పచ్చిక, నీళ్లు చెప్పునప్పుడు కీర్తనకారుడు దేవుని "ఆయన" అనును. చీకటి లోయ రాగానే "నీవు" అని పిలుచును. భయకాలమందు దేవుని గూర్చి మాటలాడుట చాలదు, దేవునితోనే మాటలాడవలెను.

మన సీమ 1876–78 నాటి ధాత కరువును ఎరుగును. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నదుల వరదలో మునిగిన కర్నూలును ఎరుగును. కరువు వరదలు అందరికిని కనబడును. ఎండిన బోరు, తీరని అప్పు, డాక్టరు చెప్పిన మాట మాత్రము ఇంటిలోనే దాగియుండును. భార్యకు చెప్పని భయము భర్తను లోలోపల తినివేయును. సాయంకాల ప్రార్థనలో ఆ మాట నోట రానిండు.

చర్చకు ప్రశ్నలు

1. జాక్, బబెట్ తమ భయమును ముందే చెప్పుకొనియున్నయెడల ఏమి మారియుండును?
2. మన దినములలో మరణభయమును మరపించు "మాత్రలు" ఏవి?
3. సన్యాసిని మాటకు మన సంఘము తన నడవడిచేత ఏమి జవాబియ్యగలదు?
4. ఈ నెల ఏ యింటివారి భయములో మనము తోడు నిలువవలసియున్నది?