“ధైర్యముగా” అను మాటకు ఆంగ్లమున సరియైన మాట యేది?

తెలుగు వాక్యములను ఆంగ్లీకరించునపుడు మన విద్యార్థులు “ధైర్యముగా” అను మాట కనబడినంతనే “బోల్డ్‌లీ” అని వ్రాసి ముందునకు సాగిపోవుచుందురు. కొన్నియెడల నది చక్కగా నమరును. కొన్నియెడల వ్రాసినవాని తలంపునకు విరుద్ధమైన యర్థము నిచ్చును. పరీక్షలో నొక మార్కు పోయిన పోవుగాక. దుఃఖములో నున్నవారికి వ్రాయు నుత్తరములో నిట్టి మాట పడినచో దానిని మరల వెనుకకు తీసికొనుట కష్టము. కావున నీ క్రియావిశేషణమును గూర్చి కొంచెము నిదానముగా విచారింతము.

మొదట మన మాటను చూడుడు. ధీరుని భావము ధైర్యము. చలింపకుండుట, నిబ్బరము దాని మూలార్థము; శత్రువుపై కురుకుట యందులో నొక భాగము మాత్రమే. రోగి బాధ నోర్చుకొనుటయు, భర్తను గోల్పోయిన యిల్లాలు బిడ్డలను పెంచుకొనివచ్చుటయు, బాలుడు చీకటిలో ఒంటరిగా నడచుటయు మనకు ధైర్యమే. ఇంత విశాలమైన మాటను ఆంగ్లేయులు పలుమాటలుగా పంచుకొనిరి.

అయినను మూలమున రెండు భాషలకును పోలిక లేకపోలేదు. ధైర్యమునకు వారు వాడు “కరేజ్” అను మాట, లాటినులో హృదయమని యర్థమిచ్చు “కోర్” అను పదమునుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. మనము గుండెదిటవు అనుట లేదా! ధైర్యమునకే “ప్లక్” అను మఱియొక పేరు కలదు. కోసిన జంతువునుండి పెరికి తీసిన గుండె, కాలేయము, ఊపిరితిత్తులు, వీనికి కసాయివాడు పెట్టిన పేరది. 18వ శతాబ్దమున ముష్టియుద్ధము చేయువారి నోట బడి ధైర్యమునకు పేరైనది. నేటికిని “ప్లకిలీ” అను మాటను తనకంటె బలవంతుని నెదిరించిన చిన్నవాని విషయముననే యెక్కువగా వాడుదురు.

ఇక ముఖ్యమైన భేదము “బ్రేవ్‌లీ”, “బోల్డ్‌లీ” అను రెంటికి నడుమ నున్నది. భయము గాని బాధ గాని యెదుట నుండగా తట్టుకొని నిలుచుట మొదటిది. జంకు లేక ముందునకు వచ్చుట రెండవది. ఈ రెండవదానిలో మెప్పును గలదు, తప్పును గలదు. బాలుడు ప్రధానోపాధ్యాయునితో బోల్డ్‌లీ మాటలాడెననిన, సత్యము చెప్పుటకు వెనుదీయలేదనియు కావచ్చును, పెద్దాచిన్నా లేక మాటలాడెననియు కావచ్చును. మిత్రుని తల్లి దీర్ఘరోగముతో మరణించినదనుకొనుడు. “షీ బోర్ హర్ ఇల్‌నెస్ బ్రేవ్‌లీ” అని వ్రాసినచో ఆమె యోర్పును గౌరవించినట్లగును. అచ్చట “బోల్డ్‌లీ” అన్నచో చదువువాడు ఆగిపోవును. వ్యాధితో నామె యేదో సాహసక్రీడ యాడినట్లు తోచును.

“ఫియర్‌లెస్‌లీ” అనగా నిర్భయముగా. ఇది భయమే లేనివాని మాట. భయమున్నను చేసినవానికి “బ్రేవ్‌లీ” చెల్లును. నా మట్టునకు ఈ రెండవవాడే యెక్కువ మెప్పునకు తగినవాడు. కాని వ్యాకరణము మెప్పుల జోలికి పోదు గదా.

మాట యుండు చోటును కూడ గమనింపవలెను. “హీ బ్రేవ్‌లీ ఆన్సర్డ్” అన్నచో, సమాధానము చెప్పుటయే ధైర్యకార్యమని భావము. “హీ ఆన్సర్డ్ బ్రేవ్‌లీ” అన్నచో, చెప్పిన తీరు ధైర్యముగా నున్నదని భావము. మన “గా” ప్రత్యయ మీ భేదమును చూపదు. అందుచేతనే మనవారికది తట్టదు.

ఈ మాటల బరువును ఇంగ్లాండు రాణియే తూచిన సందర్భ మొకటి కలదు. 1856వ సంవత్సరమున విక్టోరియా క్రాసు అను పతకమును స్థాపించునపుడు, దానిపై “ఫర్ ది బ్రేవ్” అని చెక్కింపవలెనని మొదట తలచిరి. అట్లయినచో పతకము పొందినవారే ధీరులు, తక్కిన సైనికులు కారను నర్థము వచ్చునని రాణి యాక్షేపించి “ఫర్ వేలర్” అని మార్పించెను. తొలుత ఆ పతకము భారతసైనికులకు లేదు. 1911లో వారికిని ఆ యర్హత కలిగినది. 1914 అక్టోబరు 31న బెల్జియములోని హోలెబెకె వద్ద ఖుదాదాద్ ఖాన్ అను సిపాయి, తాను గాయపడియు, తన మరతుపాకి జట్టులోని తక్కిన యైదుగురును హతులగువరకు ఆ తుపాకిని నడపుచునే యుండెను. ఆ పతకమును పొందిన మొదటి భారతసైనికు డతడే. సేనాలేఖలలో నిట్టివారిని గూర్చి “గాలంట్‌లీ” అని వ్రాయుదురు. ఇంటిలో తమ్మునికి ఈ కథ చెప్పునపుడు “బ్రేవ్‌లీ” అన్న చాలును. “గాలంట్‌లీ” అనునది స్త్రీలయెడ మర్యాద చూపుటకును వాడబడుచు, నిత్యసంభాషణలో వేషము వేసినట్లుండును.

వేలర్ నకు చుట్టమైన “వాలియంట్‌లీ” గతి మఱొకటి. గట్టిగా ప్రయత్నించియు ఓడినవారి నోదార్చుటకే నేడు తరచుగా దానిని వాడుచున్నారు. ఆటల వార్తలు చదువువారికిది తెలిసినదే. “స్టౌట్‌లీ” అనునది నిరాకరించుట, సమర్థించుట వంటి క్రియలతోనే చక్కగా పొసగును. లోకమంతయు కాదన్నను న్యాయమునకై నిలిచినవానికి “కరేజియస్‌లీ” తగును. పంటి నొప్పికి దానిని వాడినచో నవ్వుదురు.

కడపట నొక్క విషయము. తెలుగులో “నేను ధైర్యముగా వెళ్లి యడిగితిని” అనుట గొప్ప చెప్పుకొనుట కాదు. ఆంగ్లమున తన్ను గూర్చి తానే “బ్రేవ్‌లీ” అనుకొన్నచో హాస్యమో, ఆత్మస్తుతియో యగును. అచ్చట “ఐ ప్లక్డ్ అప్ కరేజ్” అని, అనగా ధైర్యము తెచ్చుకొంటినని వ్రాయుట వాడుక.

ఈ క్రింది నాలుగు వాక్యములను సెలవులలో ఆంగ్లీకరించి, మీ ఆంగ్లోపాధ్యాయునికి చూపుడు. దొంగ పట్టపగలే ధైర్యముగా ఇల్లు చొచ్చెను. పసిబిడ్డ ధైర్యముగా సూదిమందు వేయించుకొనెను. ఓటమి తెలియుచున్నను మన జట్టు తుదివరకు ధైర్యముగా ఆడెను. నేడు వాన రాదు, ధైర్యముగా బట్టలు ఆరవేయుడు. వీనిలో నొకదానికి పైని చెప్పిన మాటలలో నేదియు పనికిరాదు.