తుమ్మితే పడే చుక్క గురించి

అమ్మడూ,

పాపకి మూడో నెల నిండకుండానే వాగు నుంచి బిందెలు మోస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తుమ్మినప్పుడల్లా లంగా తడుస్తోందన్న సంగతి మాత్రం నువ్వు ఆవిడకి చెప్పలేదు, నాకు చెప్పావు. మంచి పని చేశావు. నేను ఏఎన్ఎంగా మారేడుమిల్లి చుట్టుపక్కల తిరిగిన రోజుల్లో ఆ మాట ఎవరూ ముందుగా ఎత్తేవారు కాదు. నడుం నొప్పితో మొదలుపెట్టి, నేను గుమ్మం దిగుతుంటే అప్పుడు నెమ్మదిగా చెప్పేవారు.

మూత్రసంచినీ గర్భసంచినీ పేగు చివరనీ అడుగు నుంచి మోసే కండరాలున్నాయి, ముందు ఎముక నుంచి వెనక తోకెముక దాకా. ఉట్టి కుండల్ని మోసినట్టు మోస్తాయి. బిడ్డ తల దిగేటప్పుడు అవి బాగా సాగుతాయి. చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ బిగుస్తాయి. కాబట్టి భయపడకు. అలాగని బిడ్డని కన్నాక ఇది మామూలేనని ఊరుకోకు కూడా.

మూత్రానికి వెళ్లొచ్చి పడుకో. అపానవాయువునీ మూత్రాన్నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు ఆ చోటుని లోపలికి, పైకి బిగించు. పొట్ట, తొడలు, పిరుదులు వదులుగా ఉండాలి, ఊపిరి ఆడుతూ ఉండాలి. ఐదు అంకెలు లెక్కపెట్టి వదులు. ఎంతసేపు బిగించావో అంతసేపు విడుపు ఇవ్వాలి, అది మరిచిపోతారు అందరూ. ఇలా పదిసార్లు, రోజుకి మూడు పూటలు. పోనుపోను పది అంకెల దాకా పెంచు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చెయ్యొద్దు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ బిగింపు గురించి రాశాడు, అందుకే ఆసుపత్రిలో కెగెల్ వ్యాయామం అంటారు. గుణం తెలియడానికి మూడు నెలలు పడుతుంది. వారానికే మానేసి పనిచెయ్యలేదనకు.

బరువు ఎత్తొద్దని చెప్పడం నాకు తేలిక. కట్టెలెవరు తెస్తారు, చింతపండు సంతకెవరు మోస్తారు? అందుకని ఇంకోటి చెబుతాను. బిందె ఎత్తేముందు, తుమ్ము వచ్చేముందు ఆ కండరాన్ని ఒకసారి బిగించు. నిండు బిందె ఒకటికి బదులు సగం బిందె చొప్పున రెండుసార్లు తే. ఈ కొన్నాళ్లూ నీళ్లు మీ ఆయన మోస్తే ఆయన పరువేం పోదు. పొయ్యి పొగకో చుట్టకో వచ్చే పాత దగ్గు, ముక్కి ముక్కి వెళ్లే మలబద్ధకం, ఇవి కూడా బిందె బరువంత పనీ చేస్తాయి. బాలింతకి నీళ్లు తక్కువ ఇవ్వాలన్న పథ్యం వదిలెయ్యి. ఆశ్రమ పాఠశాలలో ఉన్న మీ చెల్లికి కూడా చెప్పు: మరుగుదొడ్డి బాగోలేదని నీళ్లు తాగడం మానెయ్యకూడదు, గంటల తరబడి ఆపుకోకూడదు.

రాత్రీ పగలూ ఆగకుండా మూత్రం కారుతుంటే అది వేరే సంగతి. కష్టమైన కాన్పులో లోపల రంధ్రం పడితే అలా అవుతుంది, చాలాసార్లు దానికి ఆపరేషనే దారి. మూత్రం బొత్తిగా రాకపోయినా, మంటతో జ్వరం వచ్చినా వెంటనే వెళ్లాలి.

ఇక గర్భసంచి. కిందికి జారిందనగానే తీయించేసుకుంటే పీడా పోతుందంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మందికి తీసేసి ఉంది. నాకు ఆ లెక్క చూస్తే ఒళ్లు మండుతుంది. సంచి తీసినంత మాత్రాన సాగిన కండరం బిగుసుకోదు, తీశాక కూడా లోపలి గోడలు జారొచ్చు. కొందరికి ఆపరేషన్ నిజంగానే కావాలి, కాదనను. అంతకుముందు వ్యాయామం ఉంది, లోపల పెట్టి పట్టి ఉంచే సిలికాన్ రింగు ఉంది. ఆ రింగుని అప్పుడప్పుడూ తీసి కడిగి పెట్టుకుంటే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. ఇవేవీ చూడకుండా తీసేద్దామంటే, ఎందుకని అడుగు, ఇంకో డాక్టరుకి చూపించు.

ముందు మన పీహెచ్‌సీకి వెళ్లు, అక్కడ చూసి రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి రాసిస్తారు. అవసరమైతే కాకినాడ పెద్దాసుపత్రి ఉండనే ఉంది. మీ అమ్మని కూడా వెంట తీసుకెళ్లు. ముట్లుడిగాక ఆ కండరాలు ఇంకా పలచబడతాయి, ఆ వయసులో మళ్లీ రక్తం కనబడితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానంటుంది ఆవిడ. అలా అడక్కు. సాయంత్రానికి కిందికేదో దిగినట్టుంటోందా, కూర్చుంటే ఉండలా తగులుతోందా అని అడుగు. నీది చెప్పి అడిగితే ఆవిడా చెబుతుంది.

మీ పెద్దమ్మ