శీతలమ్మ – పోలేరమ్మ

బదిలీపై ఏ ఊరు వెళ్లినా అక్కడి గ్రామదేవతల పేర్లు అడిగి తెలుసుకుంటాం. ఆంధ్రదేశంలో ఆరోగ్యం కోసం పోలేరమ్మకు మొక్కుతారు. ఇక్కడ గమ్హరియా వైపు శీతలా మాతకు మొక్కుతారు. 'శీతల' అంటే చల్లనిది. ఇద్దరికీ చద్ది నైవేద్యం, ఇద్దరికీ వేపాకు. మశూచి సోకితే మనవాళ్లు 'అమ్మవారు పోసింది' అనేవారు. హిందీవారు 'మాతా' అనేవారు. జ్వరంతో కాలిపోయే బిడ్డ ఒళ్లు చల్లబడాలన్న తల్లుల ఆరాటమే ఈ మాటల్లో ఉంది.

1974లో మన పక్కనున్న టాటానగర్‌లో మశూచి చెలరేగింది. రైలు ప్రయాణికుల వెంట ఇతర ప్రాంతాలకూ పాకింది. టాటా ఉక్కు కర్మాగారం వైద్యులను, జీపులను ఇచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి రోగులను వెతికి, చుట్టుపక్కలవారికి టీకాలు వేశారు. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మొక్కు ధైర్యాన్నిచ్చింది, టీకా రోగాన్ని ఆపింది.

అభ్యాసం: మీ తాతయ్య, నాయనమ్మల భుజం కింద టీకా మచ్చ ఉందేమో చూడండి. ఆ రోజుల్లో ఇంట్లో 'అమ్మవారు' పోస్తే ఏం చేసేవారో అడిగి, వారి మాటల్లోనే ఐదు వాక్యాలు రాయండి.