మట్టి ఎద్దు నేర్పే పాఠం

రాయ్‌పూర్ పరిసర గ్రామాల రైతుబిడ్డలకు పశువుల కొట్టమే తొలి పాఠశాల. దూడను తల్లి వద్దకు విడవడం, మేత వేయడం పెద్దల వెంట తిరుగుతూనే నేర్చుకుంటారు.

వానకాలంలో వచ్చే హరేలీ నాడు నాగలిని కడిగి పూజిస్తారు; పశువులకు ఉప్పు, మూలికలు కలిపిన పిండిముద్దలు తినిపిస్తారు. పిల్లలు ‘గేడీ’లనే వెదురు కర్రకాళ్ళపై నడుస్తారు. మరుసటి అమావాస్యకు పోలా పండుగ. ఆనాడు ఎద్దులకు విశ్రాంతి, పూజ. బాలురకు చక్రాల మట్టి ఎద్దులు, బాలికలకు మట్టి తిరగలి, వంటపాత్రలు ఆటవస్తువులు.

పౌర్ణమితో నెల ముగిసే అక్కడి లెక్కలో అది భాద్రపద అమావాస్య. అమావాస్యతో ముగిసే తెలుగు లెక్కలో శ్రావణ అమావాస్య. ఆనాడే తెలుగు తల్లులు బిడ్డల క్షేమం కోరి కందమొక్కను పూజించి పోలాల అమావాస్య నోము నోచుకుంటారు. నెల పేరు వేరు, తిథి ఒక్కటే.

అయితే ప్రేమతోపాటు హద్దూ తెలియాలి. ఒకప్పటి రాయ్‌పూర్ జిల్లాలోని ఉదంతీ అభయారణ్యం 2012 నుండి గరియాబంద్ జిల్లాలో ఉన్నది. అది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రజంతువైన అడవి గేదెకు ఆశ్రయం. ఊరి మందలు అక్కడ మేస్తే గాలికుంటు వంటి వ్యాధులు వాటికి సోకవచ్చు. పెంపుడు గేదెలతో సంకరమైతే ఆ జాతి స్వచ్ఛతకే ముప్పు.

కనుక పశువులకు టీకాలు వేయించడం, మందను అడవి అంచునే మళ్ళించడం, వన్యమృగాల పిల్లలను తాకకపోవడం కూడా బాలశిక్షలో భాగమే. కుక్కగాని మరే జంతువుగాని కరిస్తే దాచక చెప్పాలి. గాయాన్ని 15 నిమిషాలు సబ్బునీటితో కడిగి వెంటనే వైద్యుని చేరాలి. నేడు మట్టి ఎద్దును లాగే చేయి రేపు మందను కాస్తుంది. అడవి క్షేమమూ ఆ చేతిలోనే ఉన్నది.