మంచం పక్కన పాట: ముందు అడగాలి

ఈ నెల ఆరోగ్య పాఠంలో బిళ్ళల గురించి కాక పాట గురించి రాస్తున్నాము. రోగి బాధ తగ్గడానికి, కోలుకోవడానికి సంగీతాన్ని పద్ధతి ప్రకారం వాడటాన్ని సంగీత చికిత్స అంటారు. అమెరికాలో ఈ పని చేసేవారికి 1950లోనే వృత్తి సంఘం ఏర్పడింది. నేడు వారికి రాతపూర్వకమైన నీతి నియమాలు ఉన్నాయి. మన తెలుగువారైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు (1930–2016) సంగీత చికిత్స పరిశోధన కోసం ట్రస్టు స్థాపించారు.

పాటకు నియమాలెందుకని కొందరు నవ్వుతారు. వార్డులో పాట సూదిమందు లాంటిదే. అది ఎవరికి, ఎప్పుడు, ఎంత ఇవ్వాలో చూసుకోవాలి.

పాట వల్ల మేలుందని మేమూ నమ్ముతాము. 2013లో అమెరికాలోని 11 ఆసుపత్రులలో నెలలు నిండని 272 మంది శిశువులపై జరిగిన పరిశీలన ప్రచురించారు. పక్కన నెమ్మదిగా పాడినప్పుడు బిడ్డల గుండె వేగం, పాలు తాగడం, నిద్ర మెరుగుపడినట్టు అందులో కనిపించింది. పక్షవాతంతో మాట పడిపోయినవారిలో కొందరు మంచినీళ్ళని అడగలేకపోయినా, చిన్ననాటి పాటను పదాలతో సహా పాడగలరు. దీని ఆధారంగా బోస్టన్ వైద్యులు 1973లో మాట నేర్పే పద్ధతి ఒకటి తెచ్చారు. అయితే తాతగారు కీర్తన పాడగానే "మాట వచ్చేసింది" అని ఇంటివారికి చెప్పకూడదు. అది ఒక మొదలు మాత్రమే. ఆ తరువాత నెలల తరబడి అభ్యాసం చేయాలి.

అన్నిటికన్నా ముందు రోగి ఇష్టం తెలుసుకోవాలి. దావీదు సితారా వాయిస్తే సౌలు నెమ్మది పొందాడని మనందరికీ తెలుసు. అదే దావీదు మరొకనాడు వాయిస్తుండగా అదే సౌలు ఈటె విసిరాడు. దుఃఖంలో ఉన్నవాని ఎదుట పాటలు పాడటం చలిలో ఒంటిమీది బట్ట తీసేయడం లాంటిదని సామెతల గ్రంథం 25వ అధ్యాయంలో ఉంది. ఇది మా వార్డులలో కళ్ళారా చూశాము. బిడ్డ దక్కని తల్లి ఒకామె స్త్రీల వార్డులో పడుకొని ఉంది. పక్క మంచం దగ్గర చుట్టాలు పుట్టిన బిడ్డకు జోలపాట మొదలుపెట్టారు. ఆమె ఏమీ అనలేదు, గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. పాడినవారిది చెడ్డ మనసు కాదు, పక్కన ఎవరున్నారో చూసుకోలేదంతే.

మాట్లాడలేని రోగిని కూడా అడగాలి. "పాడమంటే నా చెయ్యి నొక్కండి, వద్దంటే వదిలేయండి" అనవచ్చు. పాడుతుండగా నుదురు ముడతపడినా, ముఖం తిప్పుకున్నా, ఊపిరి వేగం పెరిగినా వెంటనే ఆపాలి. పాట సగంలో ఉందే అనుకోకండి.

రెండవది రహస్యం. పాట వింటే మనసు కరుగుతుంది. ఎన్నడూ చెప్పని సంగతులు ఏడుస్తూ చెప్పేస్తారు. అవి విన్నవారి దగ్గరే ఉండాలి. ప్రార్థన కోసమే కదా అని ఆదివారం కూడికలో రోగి పేరు, జబ్బు పేరు కలిపి చెప్పేవారున్నారు. మా దృష్టిలో ఇది చాలా పెద్ద తప్పు. నమ్మి చెప్పిన హెచ్ఐవి సంగతిని ఆ వ్యక్తి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది. మానసిక వైద్యం పొందుతున్నవారి ఫోటోను వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని అదే ఏడాది వచ్చిన మరో చట్టంలో ఉంది. పాట పాడుతూ సెల్‌ఫోనులో రోగిని వీడియో తీసేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మూడవది డబ్బుతో, ప్రాణంతో ముడిపడిన విషయం. ఫలానా రాగం వింటే షుగరు పోతుందని, ఫిట్స్ నయమవుతాయని చెప్పి సొమ్ము అడిగేవారిని నమ్మవద్దు. మంత్రాలతో, మహిమలతో షుగరు, ఫిట్స్, క్యాన్సరు, పక్షవాతం నయమవుతాయని ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. ఫిట్స్ బిళ్ళలు ఒక్కసారిగా మానితే మూర్ఛలు ఒకదానివెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం పోవచ్చు. నిజమైన సంగీత చికిత్సకుడు బిళ్ళలు మానమని చెప్పడు, డాక్టరు గారితో కలిసి పనిచేస్తాడు. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నాళ్ళు నేర్చుకున్నారు అని అడిగితే కోపం తెచ్చుకోడు.

ఫ్లారెన్స్ నైటింగేల్ అమ్మగారు 1859 నాటి తన నర్సింగు పుస్తకంలో అనవసరపు శబ్దం రోగికి హాని అని రాశారు. మనిషి గొంతు మాత్రం సాధారణంగా మేలు చేస్తుందన్నారు. కాబట్టి ఆదివారం పాడటానికి వచ్చే సంఘస్థులు ముందుగా వార్డు సిస్టరును కలవండి. ఆ రోజు ఏ మంచం దగ్గర పాడవచ్చో, ఎక్కడ వద్దో ఆమె చెబుతారు. డోలకు, స్పీకరు బయటే ఉంచండి. నెలలు నిండని బిడ్డల గదిలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. మామూలుగా మాట్లాడుకునే గొంతు కూడా అంతకన్నా ఎక్కువే. అక్కడ తల్లి ఒక్కతే, బిడ్డను గుండెకు ఆనించుకొని, మెల్లగా కూనిరాగం తీస్తే చాలు.