వైద్యుని దయ – రోగి వ్యయము

వైద్యునికి దయ ఉండాలని అందరూ అంగీకరిస్తారు. ఆ దయ రోగి జేబును కూడా చూడగలిగినదై ఉండాలని చెప్పినప్పుడు మాత్రం కొందరు నొసలు చిట్లిస్తారు. ధరను గురించి ఆలోచించడం వర్తకుని పని, వ్యాధిని గురించి ఆలోచించడం వైద్యుని పని అని వారి వాదము. ఈ విభజన సరియైనది కాదని, రోగి ఖర్చును మరచిన చికిత్స అతని వ్యాధిని కూడా మరచినట్లే అవుతుందని ఈ వ్యాసంలో చూపదలచాను. మన కళాశాల నుండి వైద్యవిద్యకు వెళ్లదలచిన విద్యార్థులు దీనిని ఇప్పుడే ఆలోచించడం మంచిది.

ఏ మందుల దుకాణం ముందైనా ఒక సాయంత్రం కొంతసేపు నిలబడితే సంగతి తెలుస్తుంది. ఒక కూలివాడు చీటీ అందిస్తాడు. అందులో పది రోజుల మందులు ఉంటాయి. “మొత్తం ఎంత అవుతుంది?” అని అడుగుతాడు. జవాబు విని ఒక క్షణం ఊరకుండి, “రెండు రోజులకు ఇవ్వండి” అంటాడు. దుకాణదారు కత్తెరతో స్ట్రిప్పును కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతాడు. ఈ ఘట్టం వైద్యుని కంట పడదు. వారం తరువాత ఆ రోగి తగ్గని జ్వరంతో తిరిగి వస్తే, మందు పనిచేయలేదని తలచి వైద్యుడు అంతకంటె ఖరీదైన మందు వ్రాస్తాడు. నిజానికి మొదటి మందు రోగి కడుపులోనికి పూర్తిగా చేరనేలేదు. రక్తపోటు, మధుమేహం వంటి జీవితకాల వ్యాధులలో కూడా ఇదే జరుగుతుంది. డబ్బు చాలక రోజు విడిచి రోజు మాత్ర వేసుకొనేవానికి, రక్తపోటు అదుపులో లేదని మరొక మాత్ర చేర్చితే అతడు ఉన్న మాత్రను కూడా మానివేయవచ్చు.

ఈ విషయంలో క్షయవ్యాధి చరిత్ర మనకు చక్కని పాఠం చెబుతుంది. మంచి మందులు రాకముందు క్షయకు శానిటోరియమే చికిత్స. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము అందించడానికి ఊరికి దూరంగా ఆసుపత్రులు కట్టారు. 1912లో ఆరంభమైన మదనపల్లె ఆరోగ్యవరం అటువంటిదే. వికారాబాదు అనంతగిరి కొండలపై వెలసినదీ అటువంటిదే. కాని దేశంలోని రోగులందరికీ సరిపడు మంచాలు ఎన్నడూ లేవు. 1940, 1950 దశకాలలో స్ట్రెప్టోమైసిన్, పాస్, ఐసోనియాజిడ్ వంటి మందులు వచ్చిన తరువాత ఒక సాహసవంతమైన ప్రశ్న ఉదయించింది: మందు ఇచ్చినచో ఆసుపత్రి మంచం నిజంగా అవసరమా?

దీనికి సమాధానం 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం వెదికింది. నగరంలోని పేద రోగులను యాదృచ్ఛికంగా రెండు పక్షాలుగా విభజించారు. ఒక పక్షం శానిటోరియంలో మంచి భోజనంతో, విశ్రాంతితో ఉన్నది. రెండవ పక్షం ఇరుకైన తమ ఇళ్లలో, తమకున్న తిండితోనే ఉన్నది. మందులు మాత్రం ఇరువురికీ ఒకటే, ఒక సంవత్సరంపాటు. ఫలితాలు దాదాపు సమానమని 1959లో ప్రకటించారు. ఇంటిలో ఉంచినందువలన కుటుంబీకులకు వ్యాధి ఎక్కువగా సోకలేదని కూడా తేలింది. ప్రపంచమంతటా క్షయ చికిత్స ఇంటిముఖం పట్టడానికి ఈ పరిశోధన ఒక ముఖ్య కారణం.

అయితే ఈ కథలో తరచు మరచిపోయే భాగం ఒకటి ఉన్నది. ఆ రోగులను ఇంటికి పంపి ఊరకుండలేదు. సిబ్బంది ముందుగా చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు. మూత్రపరీక్షతో మందు మింగినదీ లేనిదీ తెలుసుకొనేవారు. మంచం ఖర్చు తగ్గినది నిజమే, కాని దానికి బదులు కాళ్ల శ్రమ పెరిగింది. చవక చికిత్స అంటే రోగిని అతని మానాన వదలివేయడమని భావించే అధికారులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని నా అభిప్రాయం. క్షయ మందులు సగంలో ఆపితే క్రిములు మందుకు లొంగని స్థితికి చేరవచ్చు. అప్పటి చికిత్స మరింత దీర్ఘము, మరింత వ్యయభరితము.

పైగా రోగి ఖర్చు మందుతోనే ముగియదు. బస్సు చార్జీ, పోయిన రోజుకూలి, తోడు వచ్చిన మనిషి కూలి కూడా లెక్కలోనివే. ప్రభుత్వం క్షయ మందులు ఉచితంగా ఇస్తూ కూడా, 2018 నుండి రోగికి పోషణ నిమిత్తం నెలకు 500 రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. 2024 నవంబరులో దానిని 1000 చేసింది.

కంపెనీ పేరు బదులు మందు అసలు పేరు వ్రాయాలన్న వాదము కొత్తది కాదు. 1975లోనే హాథీ కమిటీ బ్రాండు పేర్లను క్రమంగా తొలగించమన్నది. 2008లో జన ఔషధి దుకాణాలు ఆరంభమయ్యాయి. 2023 ఆగస్టులో వైద్యులు అసలు పేరే వ్రాయాలని వచ్చిన నిబంధనను ఆ నెలలోనే నిలిపివేశారు. చవక మందుల నాణ్యతను గురించి వైద్యులు వెలిబుచ్చిన సంశయం పూర్తిగా నిరాధారం కాదు; దానికి కావలసినది కట్టుదిట్టమైన తనిఖీ.

చివరకు మిగిలేది వైద్యుడు రోగితో ఆడే మాట. ఇది చాలా సున్నితమైన విషయం. మన పాతనగరంలో ఉర్దూ మాట్లాడే పెద్దలు ‘ఖుద్దారీ’ అనే గుణాన్ని ప్రాణంగా చూసుకొంటారు. మన తెలుగువారి ఆత్మాభిమానమూ అదే. పదిమంది వరుసలో నిలబడి ఉండగా “డబ్బులున్నాయా?” అని అడిగితే ఏ పెద్దమనిషీ లేదనడు. తల ఊపి చీటీ తీసుకొని వెళ్లి, ఏమీ కొనడు. అతడు పేదవాడని తానే నిర్ణయించి, అవసరమైన పరీక్షను చెప్పకుండా మానివేసే వైద్యుడు చేసేది మరొక అన్యాయం. “ఈ మాత్ర నెలకు ఇంత అవుతుంది, దాదాపు ఇదే పని చేసేది ఇంకొకటి ఇంతకే వస్తుంది, మీకు ఏది వీలు?” అని గోప్యంగా అడగవచ్చు. అలా అడగాలంటే ముందు వైద్యునికి ఆ రెండు ధరలూ తెలియాలి. పరీక్ష వ్రాసేముందు, దాని ఫలితం ఎటు వచ్చినా తన చికిత్స మారుతుందా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. మారదనుకొంటే ఆ కాగితం వ్రాయనవసరం లేదు. ఎందుకు వ్రాయలేదో రోగికి రెండు మాటలలో చెబితే, అతడు మరొక చోటికి పోయి అదే పరీక్ష చేయించుకోడు.